నల్లులు ఎవరింట్లోంచి వచ్చాయని అడగకండి

మా కంపెనీ వ్యాను పక్కన తలుపంత బొద్దింక బొమ్మ ఉండేది. వెల్లకిలా పడి కాళ్ళు పైకెత్తిన బొద్దింక, దాని పక్కన ఫోన్ నంబరు. ఆ బొమ్మ వేయించినవాడికి వ్యాపారం తెలుసు గానీ మనుషుల సంగతి తెలియదు. బహ్రెయిన్‌లోని రిఫా ఊళ్ళో మాకు ఫోన్ చేసే ఇళ్ళలో సగం మంది మొదట అడిగేది మందు గురించి కాదు. "భాయ్, వ్యాను బిల్డింగు ముందర పెట్టొద్దు, వెనక సందులో పెట్టండి" అనేవాళ్ళు.

నేను బహ్రెయిన్‌లో ఇళ్ళల్లో పురుగుల మందు కొట్టే పనిలోనే వయసంతా గడిపాను. జగిత్యాల దగ్గర మా ఊళ్ళో నన్ను ఇప్పటికీ "దుబాయిల మందు గొట్టే లచ్చన్న" అంటారు. బహ్రెయిన్ వేరు, దుబాయి వేరు అని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి మానేశాను. ఈమధ్యే రిటైరయ్యాను. నా భార్య ఇక్కడ ఒక స్కూల్లో పని చేస్తోంది కాబట్టి ఆమె డ్యూటీకి పోతుంది, నేను కూర వండుతాను. వండుతూ ఉంటే పాత ఇళ్ళన్నీ గుర్తొస్తుంటాయి.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు ట్రైనింగులో మందుల పేర్లూ మోతాదులూ చెప్తారు. డబ్బా మీద కూడా రాసి ఉంటాయి, దయచేసి చదవండి, మీలో చాలామంది చదవరు. నేను చెప్పదలచుకున్నవి డబ్బా మీద ఉండవు. వాటిలో ముఖ్యమైనదాన్ని జ్యోతి అనే అమ్మాయి ఇంటి కథగా చెప్తాను. మధ్యలో పక్కదారులు పడితే ఓర్చుకోండి, రిటైరైన మనిషిని.

జ్యోతి ఫోను

జ్యోతిది గుంటూరు. భర్త ప్రసాద్ మనామాలో ఒక ఆఫీసులో ఉద్యోగం చేసేవాడు. రిఫాలో రెండు గదుల ఫ్లాటు, ఏడాది నిండని బాబు. డ్యూటీలకు పోయే తెలుగు ఆడవాళ్ళు కొందరు తమ పసిపిల్లల్ని పొద్దున్నే ఆమె దగ్గర దింపి సాయంత్రం తీసుకుపోయేవారు. వీళ్ళంతా ఒకే తెలుగు క్రైస్తవ ప్రార్థన సహవాసానికి చెందినవాళ్ళు. వారం వారం ఒక్కొక్కరి ఇంట్లో కూడిక, అంటే అందరూ కలిసి చేసే ప్రార్థన, జరుగుతుంది. పరాయి దేశంలో జ్యోతికి అక్కలూ పిన్నులూ అన్నీ ఆ మనుషులే.

ఫోన్లో ఆమె గొంతు చాలా చిన్నగా ఉంది.

"బాబాయ్ గారూ, మీ బండి కొంచెం దూరంగా పెట్టుకుంటారా? కింద అంతా మనోళ్ళే ఉంటారండీ."

వెళ్ళి చూశాను. ఇల్లు అద్దంలా ఉంది. నేను టార్చి తీసుకుని మంచం తల వైపు చెక్క విప్పాను. కీళ్ళ సందుల్లో, స్క్రూల రంధ్రాల చుట్టూ నల్లటి చుక్కలు. పరుపు అంచు కుట్టు వేలితో విప్పి చూస్తే నల్లులు కదులుతున్నాయి.

"ఉన్నయి బిడ్డా. అబద్ధం చెప్ప" అన్నాను.

ఆ అమ్మాయి అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. "రోజూ తుడుస్తానండీ. రెండు పూటలా ఫినాయిల్ వేసి తుడుస్తాను. దుప్పట్లు వారానికి రెండుసార్లు ఉతుకుతాను. ఇంకేం చెయ్యాలండీ నేను?"

అప్పుడు అసలు సంగతి బయటికొచ్చింది. ఆమె దగ్గర ఉండే పిల్లల్లో ఒక పాప కాలి మీద వరసగా దద్దుర్లు వచ్చాయి. ఆ పాప అమ్మమ్మ రత్నమ్మ గారు సహవాసంలో పెద్దదిక్కు. ఆవిడ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజీ పెట్టారు. ఎవరి పేరూ లేదు, "కొన్ని ఇళ్ళలో శుభ్రత విషయం చూసుకుంటే మంచిది, పిల్లలు బాధ పడుతున్నారు" అని మాత్రమే. పేరు లేకపోయినా అందరికీ అర్థమైంది. ఒకరి తర్వాత ఒకరు పిల్లల్ని పంపడం మానేశారు. జ్యోతి ఇంట్లో జరగాల్సిన కూడిక కూడా ఎవరూ ఏమీ అనకుండానే వేరే ఇంటికి మారిపోయింది.

"పిల్లలు రాకపోతే ఆయన ఒక్క జీతంతో ఇక్కడ ముగ్గురం ఉండలేమండీ. నన్నూ బాబునీ గుంటూరు పంపించేస్తానంటున్నారు. టికెట్లు చూస్తున్నారు" అంది.

నల్లికి మురికి అక్కర్లేదని, దానికి కావాల్సింది మనిషి నెత్తురేనని, కడిగిన ఇల్లూ కడగని ఇల్లూ దానికి ఒకటేనని చెప్పాను. విన్నది గానీ నమ్మలేదు. తెలిసినవాళ్ళు నమ్మనప్పుడు నా ఒక్కడి మాటతో ఏం లాభం?

వాసన పిచ్చి

నేను వెళ్ళేసరికే ప్రసాద్ సూపర్‌మార్కెట్లో దొరికే స్ప్రే డబ్బాలు తెచ్చి ఇల్లంతా కొట్టేశాడు. మంచి పిల్లాడే, కంగారు పడ్డాడు. ఆ స్ప్రేకి కొన్ని నల్లులు చచ్చి, మిగతావి పక్క గదిలోకి పారిపోయాయి. ఒక్క మంచంతో పోయే పని రెండు గదులదయింది.

దీని మీద నాకు ఎప్పటినుంచో కోపం ఉంది. మాకు ఒక మేనేజరు ఉండేవాడు. ఘాటు వాసన రాకపోతే కస్టమరు పని జరిగినట్టు నమ్మడని అతని సిద్ధాంతం. అవసరం ఉన్నా లేకపోయినా ఇల్లంతా పొగలా కొట్టమనేవాడు. జనం కూడా అంతే. వంటింటి అరల మూలల్లో జెల్ మందు చుక్కలు పెట్టి లేస్తుంటే, "అయిపోయిందా? వాసనే రాలేదు!" అని మొహం చిట్లించేవారు. బొద్దింక ఆ చుక్క తిని గూటికి పోయి చస్తుంది, దాన్ని తిన్నవి కూడా చస్తాయి. ఇంత నిశ్శబ్దంగా జరిగే పని ఎవరికీ నచ్చదు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నాను. లేబుల్ లేని పొడులు, మాత్రలు ఎవరో తెలిసినవాళ్ళు ఇచ్చారని ఇంట్లో పెట్టుకోకండి. కొన్ని మాత్రల నుంచి వచ్చే గ్యాసు పక్క ఫ్లాటులో నిద్రపోయేవాళ్ళ ప్రాణం కూడా తీయగలదు. అలాంటి మాత్రలు ఏ ఇంట్లో కనబడినా నేను కేకలేసేవాణ్ణి. మీరూ వేయండి.

సెలవుకు పోయేవాళ్ళు

జ్యోతి ఇంట్లో మంచాలు విప్పి, సందుల్లో ఆవిరి పట్టి, మందు పెట్టి వచ్చాను. నల్లుల గుడ్లు మందుకు సరిగ్గా చావవు. అవి పగిలి పిల్లలయ్యాక మళ్ళీ వెళ్ళాలి. ఈ ఎదురుచూసే రోజుల్లో చెప్పుకోదగ్గ సంగతి ఇంకోటుంది.

ఎండాకాలం స్కూళ్ళకు సెలవులివ్వగానే మనవాళ్ళు ఇల్లు మెరిసేలా కడిగి, చెత్త పారేసి, తాళం వేసి ఇండియాకి పోతారు. తిరిగొచ్చి తలుపు తీస్తే వంటింట్లో పెద్ద పెద్ద ఎర్ర బొద్దింకలు. "ఇంట్లో మెతుకు కూడా లేదు, ఎలా వచ్చాయి?" అని నెత్తి కొట్టుకుంటారు. స్నానాల గదిలో నేల మీద నీళ్ళు పోయే జాలీ ఉంటుంది కదా, దాని కింద గొట్టం వంపులో ఎప్పుడూ కొంచెం నీళ్ళు నిలిచి ఉంటాయి. మురుగు కాలవకూ మన ఇంటికీ మధ్య ఉన్న తలుపు ఆ నీళ్ళే. ఎవరూ వాడని ఇంట్లో ఈ ఎండలకు అవి ఎండిపోతాయి. తలుపు తెరిచినట్టే, కాలవలోని బొద్దింకలన్నీ నడిచి పైకి వస్తాయి.

సెలవుకు పోయేవాళ్ళకు ఇలా చెప్పండి: ఇంటి తాళం పక్కింటివాళ్ళకిచ్చి అప్పుడప్పుడూ ఆ జాలీలో ఒక చెంబు నీళ్ళు పోయమనండి. తాళం ఇవ్వడం ఇష్టం లేకపోతే, పోయే ముందు నీళ్ళు పోసి పైన ఒక గరిటెడు వంటనూనె పోయండి, జాలీ మీద ప్లాస్టిక్ కాగితం అంటించండి. మన వ్యాపారం తగ్గుతుంది కదా అనుకోకండి. ఈ చిట్కా చెప్పిన ఇల్లు మిమ్మల్ని తప్ప ఇంకొకరిని పిలవదు.

మళ్ళీ వచ్చాయి

రెండోసారి మందు కొట్టాక జ్యోతి మంచాలు శుభ్రమయ్యాయి. నేను స్క్రూ స్క్రూ చూశాను. ఆమె మొహంలో కూడా కొంచెం వెలుగొచ్చింది. ప్రసాద్ టికెట్ల మాట కొన్నాళ్ళు ఆపాడు. పిల్లలు మాత్రం ఇంకా రాలేదు.

తర్వాత కొద్ది రోజులకే ఫోను.

"బాబాయ్ గారూ, మళ్ళీ కనబడ్డాయండీ. కానీ ఈసారి మంచంలో కాదు. హాల్లో, సోఫా వెనకాల."

పక్క ఫ్లాటులోంచా, గోడలోని కరెంటు పైపులోంచా అని నేను ఆలోచిస్తూ వెళ్ళాను. జ్యోతి తలుపు తీసి, నన్ను కూర్చోమనకుండా నేరుగా సోఫా వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడ గోడకి ఆనించి ఒక పెద్ద మూట ఉంది. చుట్టిన చాపలు, జంపఖానాలు, నాలుగు దిండ్లు.

"ఇవి మా కూడికవండీ. ఈ వారం కూడిక ఎవరింట్లో ఉంటే వాళ్ళ ఇంటికి తీసుకెళ్ళి వేస్తాం. మళ్ళీ వారం దాకా మా హాల్లో ఉంటాయి, మా కారు డిక్కీ పెద్దది కాబట్టి. మా ఇంటికి రావడం మానేశారు గానీ చాపలు మొయ్యడం మాత్రం మాకే వదిలేశారు."

నేను మూట వైపు చూస్తున్నాను. ఆమె నా వైపు చూస్తోంది.

"మీరు మందు కొట్టాక మేమిద్దరం కాక ఈ ఇంట్లోకి బయటికెళ్ళి వచ్చినవి రెండేనండీ. మా బాబు, ఈ చాపలు. బాబుకి రోజూ స్నానం చేయిస్తున్నా. వీటికి ఎవరూ చేయించట్లేదు."

బాల్కనీలో తెల్ల దుప్పటి పరిచి మూట విప్పాం. జంపఖానాల మడిచి కుట్టిన అంచుల్లో నల్లులు బారులు తీరి ఉన్నాయి. ఇన్నేళ్ళూ నేను మంచాలు విప్పాను, సోఫాలు చీల్చాను, గోడ ఫొటోలు దించాను. ఒకే మూట వారానికో ఇంటికి తిరుగుతుందన్న ఊహ నాకు రాలేదు, ఎందుకంటే ఆ అలవాటు నాకు లేదు. ఇంటి మనిషికి మాత్రమే తెలిసే సంగతులు ఉంటాయి. అడగండి, అడిగాక నోరు మూసుకుని వినండి.

"ఇగ చెప్పెయ్ బిడ్డా అందరికి" అన్నాను సంబరంగా.

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఏమంటారో తెలుసా అండీ? నీ ఇంట్లోంచే చాపల్లోకి ఎక్కాయి అంటారు. కాదని నేనెలా చెప్పను?"

నిజమే. నాకూ తెలియదు. చాపలే ముందా, మంచమే ముందా అన్నది నల్లులు చెప్పవు.

అబూ హమద్ చెప్పిన మాట

మా మొదటి యజమాని అబూ హమద్ అనే బహ్రెయినీ పెద్దాయన. నేను మెచ్చుకునే యజమాని ఆయనొక్కడే. ఒకసారి ఒక విల్లాకు వెళ్ళాం. అన్నదమ్ముల కుటుంబాలు రెండు, పైన ఒకరు, కింద ఒకరు. చలికాలంలో ఎలుకలు లోపలికి చేరాయి. నీ వంటింట్లోంచి అంటే నీ స్టోర్ రూంలోంచి అని అన్నదమ్ములు అరుచుకుంటున్నారు. అబూ హమద్ ఇద్దర్నీ కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, మాతో మాట్లాడే ఆ విరుపుల హిందీలోనే అన్నాడు: "కిధర్ సే ఆయా, మత్ పూఛో. అభీ కిధర్ హై, వో బోలో. ఖలాస్." ఎక్కడి నుంచి వచ్చాయో అడగొద్దు, ఇప్పుడు ఎక్కడున్నాయో చెప్పండి, అంతే. ఆ మాటతో అరుపులు ఆగి, ఎలుకల దారి చూపించడం మొదలైంది.

అస్కర్ వైపు లేబర్ క్యాంపుల్లో నాకు ఈ తంటా ఎప్పుడూ రాలేదు. అక్కడ వ్యాను గేటు దాటగానే నలుగురు ఎదురొచ్చి "భాయ్, ఇధర్ భీ హై, ఉధర్ భీ హై", ఇక్కడా ఉన్నాయి అక్కడా ఉన్నాయి అని నవ్వుతూ తామే మంచాలు ఎండలోకి మోసుకొచ్చేవారు. ఒకే గదిలో పడుకునేవాళ్ళు ఎవరినని తప్పు పడతారు? అందుకే క్యాంపు పని త్వరగా అయ్యేది. ఫ్లాటుల్లో ప్రతి ఇంటివాళ్ళూ తలుపులేసుకుని రహస్యంగా మందు కొట్టించుకుంటారు. ఈ ఇంట్లో మందు కొడితే నల్లులు ఆ ఇంటికి పోతాయి, అక్కడ కొడితే మళ్ళీ ఇక్కడికి వస్తాయి.

జ్యోతికి అబూ హమద్ మాట చెప్పాను. ఆమె బాబుని భుజానికెత్తుకుంది.

"అయితే రత్నమ్మ ఆంటీ దగ్గరికే వెళ్దాం, బాబాయ్ గారూ. గ్రూపులో పెట్టను. మొహం మీదే చెప్తాను" అంది. లేచి చున్నీ సర్దుకుంది.

రత్నమ్మ గారి హాల్లో

ఆవిడ రెండు వీధుల అవతల ఉండేవారు. మమ్మల్ని చూసి లోపలికి రమ్మన్నారు గానీ మొహం బిగుసుకుపోయింది. జ్యోతి కూర్చోలేదు.

"ఆంటీ, మన చాపల్లో నల్లులున్నాయి. మా ఇంట్లోనూ ఉన్నాయి, నేను దాచట్లేదు. చాపలు అందరిళ్ళకీ తిరిగాయి. మీ ఇల్లు కూడా ఒకసారి చూడనివ్వండి."

"మా ఇంట్లోనా?" అన్నారు రత్నమ్మ గారు. గొంతు లేచింది. "ఏం మాట్లాడుతున్నావమ్మాయ్ నువ్వు?"

జ్యోతి వెనక్కి తగ్గలేదు. "ఎవరి ఇంట్లోంచి మొదలైందో నాకొద్దు ఆంటీ. ఇప్పుడు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలిస్తే చాలు. లేకపోతే నేను వెళ్ళిపోయినా ఇవి పోవు."

ఆవిడ మా ఇద్దర్నీ ఒకసారి చూశారు. తర్వాత వెళ్ళి బయటి తలుపు గొళ్ళెం పెట్టి వచ్చి కూర్చున్నారు. చీర అంచు కొంచెం పైకి లాగి చీలమండ చూపించారు. వరసగా దద్దుర్లు, పైన తెల్లటి పౌడరు.

"చెమటకాయలు అనుకున్నా తమ్ముడూ" అన్నారు నాతో. వెంటనే మళ్ళీ, "అనుకున్నాను అనేది కూడా అబద్ధమే. ఆ మెసేజీ పెట్టిన రోజే మా పరుపు ఎత్తి చూశాను. చూశాను కాబట్టే పెట్టాను. మా ఇంటి పేరు బయటికి రాకూడదని" అన్నారు. జ్యోతి వైపు తిరిగారు. "నీ మీదికి తోసేశానమ్మా."

నాకు ఆవిడ మీద కోపం రావాల్సింది, రాలేదు. అంత పెద్ద మనిషి అంత మాట అనడానికి ఎంత కష్టపడిందో మొహంలో కనబడుతోంది. జ్యోతి మాత్రం మొదటిసారి కుర్చీలో కూర్చుంది, కళ్ళు తుడుచుకుంది.

"అక్కా, ముందుగాల మంచం చూపెట్టు. మిగిలిన ముచ్చట తర్వాత" అన్నాను.

మేము ఇంకా అక్కడ ఉండగానే ఆవిడ గ్రూపులో రాశారు. రాసి మాకు చదివి వినిపించారు: "మా ఇంట్లో నల్లులున్నాయి. చాపల్లోనూ ఉన్నాయి. నేను జ్యోతి గురించి అన్నది తప్పు. మందు కొట్టే తమ్ముడు అందరిళ్ళకీ వస్తాడు, తలుపులు తీయండి."

సాయంత్రానికి నా ఫోను ఆగలేదు. ఒకరు మెల్లగా, ఒకరు దగ్గుతూ, ఒకరు నవ్వుతూ, అందరూ ఒకే మాట. "మా ఇంట్లో కూడా ఉన్నట్టున్నాయండీ." ఆ ఇళ్ళన్నీ ఒకే వారంలో చేశాం. నల్లుల పనిలో అదే కీలకం, ఒకదానికొకటి రాకపోకలున్న ఇళ్ళన్నిటికీ ఒకేసారి మందు పడాలి.

చాపల్ని పారేద్దామన్నారు కొందరు. నేను వద్దన్నాను. దిండ్లు మాత్రం మూటగట్టి పారేయించి, చాపలూ జంపఖానాలూ విప్పి వదులుగా వ్యానులో పరిచి, అద్దాలన్నీ ఎక్కించి నడి ఎండలో నిలబెట్టాను. చుట్టిన చాప మధ్యలోకి వేడి పోదు, అది గుర్తు పెట్టుకోండి. అన్నిటి అడుగున థర్మామీటరు పెట్టి, అక్కడ కూడా వేడి సరిపడా ఎక్కి కొన్ని గంటలు నిలిచేదాకా తలుపు తీయనివ్వలేదు. ప్రసాద్, ఇంకో ఇద్దరు మగవాళ్ళు నీడలో నిలబడి చాయ్ తాగుతూ కాపలా కాశారు. బహ్రెయిన్ ఎండని నేను ఏళ్ళ తరబడి తిట్టాను. ఆ రోజు మాత్రం చేతులెత్తి మొక్కాను.

కూడిక

రెండో విడత మందు కూడా అయ్యాక, ఎవరింట్లోనూ ఏమీ కనబడకుండా కొన్ని వారాలు గడిచాక, కూడిక జ్యోతి ఇంట్లో పెట్టారు. నన్నూ నా భార్యనూ పిలిచారు. మేం వాళ్ళ మతం వాళ్ళం కాకపోయినా పిలిచారు, వెళ్ళాం.

ఇంటికి మందు పడ్డా మనసులో భయం ఉంటుంది. అది ఆ సాయంత్రం బాగా చూశాను. అందరూ వచ్చారు, పలకరించారు, జ్యోతి బాబుని ఎత్తుకున్నారు. కానీ ఎవరూ కూర్చోలేదు. పరిచిన జంపఖానాల అంచున నిలబడి కబుర్లు చెబుతున్నారు. ఒకావిడ హ్యాండ్‌బ్యాగు భుజం మీదినుంచి దించలేదు. జ్యోతి వంటింటి గుమ్మంలో ట్రే పట్టుకుని అదంతా చూస్తోంది. దీనికి నా దగ్గర మందు లేదు.

అప్పుడు రత్నమ్మ గారు వచ్చారు. భుజం మీద మనవరాలు నిద్రపోతోంది, కాలికి దద్దుర్లు వచ్చిన పాపే. ఆవిడ ఎవరితోనూ మాట్లాడకుండా, హాలు దాటి, జ్యోతి పడకగదిలోకి వెళ్ళారు. తలుపు తెరిచే ఉంది, అందరికీ కనబడుతోంది. పాపని ఆ మంచం మీద, జ్యోతి దిండు మీదే తల ఆనించి పడుకోబెట్టారు. దుప్పటి కప్పారు. బయటికి వచ్చి జంపఖానా నడిమధ్యలో చతికిలబడ్డారు.

"జ్యోతీ, పాలసీసా సంచిలో ఉంది. పాప లేస్తే నువ్వే పట్టు, నా దగ్గర తాగదు" అన్నారు. "రేపు పొద్దున కూడా నీ దగ్గరే దింపుతాం."

హ్యాండ్‌బ్యాగు ఆవిడ బ్యాగు దించి పక్కన కూర్చుంది. ఆ తర్వాత అందరూ కూర్చున్నారు.